కల్పిత లోకానికి పంచాంగం అక్కరలేదా?

కల్పిత లోకాన్ని చిత్రించే రచయితకు లెక్కలతో నిమిత్తం లేదని మన విమర్శకులలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఉన్న లోకాన్ని వర్ణించేవాడు ఉన్నదానికి కట్టుబడి ఉండాలి. లేని లోకాన్ని సృష్టించేవానికి ఏ కట్టుబాటూ లేదు. అతడు సూర్యుని పడమట ఉదయింపజేయవచ్చు. చంద్రులను ఇద్దరినో ముగ్గురినో ఆకాశాన నిలుపవచ్చు. గ్రహాలను తన ఇష్టం వచ్చినట్లు తిప్పవచ్చు. అడిగేవారెవరు? ఇదీ వారి వాదం. వినడానికి ఇది కవికి స్వేచ్ఛనిచ్చే మాటగా తోస్తుంది. నిజానికి ఇది కల్పనను తక్కువగా చూసే మాట. కల్పనయందు గౌరవం కలవారెవరూ దీనిని అంగీకరించరాదని నా మనవి.

ఈ విషయం నాకు పుస్తకాల చర్చగా కాక, పనిలో ఎదురైన చిక్కుగా పరిచయమైంది. కొన్నేళ్ల క్రితం ఒక హిందీ బాలకథను తెలుగు చేయవలసి వచ్చింది. ఆ కథ జరిగే లోకానికి సూర్యుడు ఒక్కడే, చంద్రులు ఇద్దరు. నాయిక కోటగోడ దాటే రాత్రి ఆకాశంలో నిండు చంద్రుడూ, అతని భుజానికి ఆనుకొని నెలవంకగా రెండవ చంద్రుడూ వెలుగుతున్నారని రచయిత వర్ణించాడు. చిత్రం అందంగానే ఉంది. కాని అది జరిగేది కాదు. చంద్రునికి స్వయంప్రకాశం లేదు. సూర్యకాంతి ఏ వైపున పడితే ఆ వైపే వెలుగుతాడు. ఒకే సూర్యుని వెలుగులో, ఆకాశాన పక్కపక్కన నిలిచిన ఇద్దరు చంద్రులు ఇంచుమించు ఒకే కళతో కనిపించాలి. ఒకడు నిండి ఉంటే రెండవవాడూ నిండి ఉండాలి. నెలవంక సూర్యునికి దగ్గరగా ఉంటుంది. పూర్ణచంద్రుడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు. వారిద్దరూ ఒకే రాత్రి కనిపించడమంటూ ఉంటే ఆకాశపు రెండు అంచులలో ఉండాలి గాని, భుజం భుజం కలుపుకొని ఉండలేరు.

ఈ సంగతి ప్రచురణకర్తకు వ్రాశాను. "కథలో గుర్రం మాట్లాడితే మీకు లేని అభ్యంతరం చంద్రుని కళ దగ్గర ఎందుకు వచ్చింది?" అని జవాబు వచ్చింది. ఆ ప్రశ్నకు అప్పుడు నేను సరిగా బదులు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

గుర్రం మాట్లాడుతుందని రచయిత మొదటి పుటలోనే మనతో చెప్పాడు. మనం సరేనన్నాము. అది ఒక ఒడంబడిక. ఆ గుర్రం పదవ పుటలో కారణం లేకుండా మూగదైతే పిల్లలే అడుగుతారు. చంద్రుడు సూర్యుని వెలుగుతో వెలుగుతాడన్న నియమాన్ని మాత్రం ఆ రచయిత ఎక్కడా రద్దు చేయలేదు. తన లోకంలో చంద్రులు దీపాలవలె స్వయంగా వెలుగుతారనో, వారికి ఒక రాక్షసుడు తెర వేస్తాడనో చెప్పి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాను. అతడు నెలవంక అన్నాడు, ఆ మాటతో మన ఆకాశపు నియమాన్నే ఆశ్రయించాడు, ఆశ్రయించి మరచిపోయాడు. నియమాన్ని మార్చడం కల్పన. నియమాన్ని మరచిపోవడం అజాగ్రత్త. రెండింటికీ ఒకే పేరు పెట్టరాదు.

దీనివల్ల నష్టమేమని అడుగవచ్చు. ఆరుబయట మంచం మీద పడుకొని ఆకాశం చూసిన పిల్లవానికి ఈ పుస్తకం మీద నమ్మకం పోతుంది. చూడని పిల్లవానికి ఆకాశం చూడనవసరం లేదన్న పాఠం అందుతుంది. రెండవదే పెద్ద నష్టం.

మన ప్రాచీనులు కల్పిత ఆకాశాన్ని ఇంత తేలికగా తీసుకోలేదు. రామాయణ బాలకాండంలో విశ్వామిత్రుడు త్రిశంకువు కోసం మరొక ఆకాశాన్నే సృష్టించడానికి పూనుకుంటాడు. దక్షిణదిక్కున వేరొక సప్తర్షి మండలాన్ని, నక్షత్రమాలను కల్పిస్తాడు. వేరొక ఇంద్రుణ్ణి కూడా సృష్టిస్తానంటాడు. అప్పుడు దేవతలు వచ్చి సంధి చేసుకుంటారు. ఆ సంధి షరతులు గమనించదగినవి. విశ్వామిత్రుని నక్షత్రాలు లోకాలున్నంతకాలం ఉంటాయి. కాని అవి వైశ్వానరపథానికి వెలుపలనే ఉండాలి. త్రిశంకువు తలక్రిందుగానే వెలుగుతాడు. అంటే కొత్త ఆకాశానికి ఉనికి ఉంది, హద్దు ఉంది, దానికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. ఇంత మహర్షి సృష్టికే హద్దు కట్టిన కవి, కల్పనకు లెక్క లేదని అనుకున్నాడని ఎవరంటారు?

పాశ్చాత్య సాహిత్యంలోనూ ఇందుకు సాక్ష్యాలున్నాయి. జోనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రకటించిన గలివర్ యాత్రలలో లపూటా అనే ఎగిరే ద్వీపం ఉంది. అక్కడి పండితులు కుజునికి ఇద్దరు చంద్రులున్నారని కనిపెడతారు. మొదటివాడు కుజుని కేంద్రం నుండి ఆ గ్రహపు వ్యాసానికి మూడు రెట్ల దూరంలో 10 గంటలలో తిరుగుతాడు. రెండవవాడు ఐదు రెట్ల దూరంలో 21½ గంటలలో తిరుగుతాడు. ఈ అంకెలను లెక్కవేసి చూడండి. 3, 5ల ఘనాలు 27, 125. వాటి నిష్పత్తి సుమారు 4.63. 10, 21½ల వర్గాలు 100, 462.25, వాటి నిష్పత్తి 4.62. కెప్లర్ 1619లో ప్రకటించిన నియమానికి అది చక్కగా సరిపోతుంది. స్విఫ్ట్ అక్కడ చేస్తున్నది పండితులను ఎగతాళి చేయడం. ఎగతాళిలో కూడా ఆయన లెక్క తప్పలేదు. 151 సంవత్సరాల తరువాత, 1877లో, ఆసఫ్ హాల్ కుజునికి నిజంగానే ఇద్దరు చంద్రులను కనుగొన్నాడు. ఆ కాలాలు స్విఫ్ట్ అంకెలతో కలియవు. ఒకటి సుమారు 7 గంటల 39 నిమిషాలు, రెండవది 30 గంటల పైచిలుకు. స్విఫ్ట్ భవిష్యత్తు చెప్పాడని మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. లేని చంద్రులకు కూడా ఆయన న్యాయమైన నడక ఇచ్చాడన్నదే నాకు ముఖ్యం.

టోల్కీన్ ఉదాహరణ ఇంకా దగ్గరది. ఆయన కల్పించిన పురాణంలో చంద్రుడు చచ్చిపోతున్న ఒక దివ్యవృక్షం పూసిన చివరి పువ్వు. సూర్యుడు మరొక వృక్షం కాసిన చివరి పండు. ఇంతకన్న స్వేచ్ఛ గల కల్పన ఏముంటుంది? అయినా 1954, 1955లలో అచ్చయిన తన మహాకథను వ్రాస్తూ ఉండగా, వేర్వేరు దారులలో నడుస్తున్న తన పాత్రలకు చంద్రుడు పొసగని వేళలలో ఉదయాస్తమయాలు పొందుతున్నాడని 1944లో ఆయన గుర్తించాడు. వ్రాసిన అధ్యాయాలను వెనుకకు వెళ్లి దిద్దుకున్నాడు. పువ్వుగా పుట్టిన చంద్రుడు కూడా వేళకు ఉదయించాలని ఆయన నిశ్చయం. మాట్లాడే గుర్రం పేరు చెప్పి చంద్రుని కళను కొట్టివేసేవారికి ఇదే నా జవాబు.

ఇక ఆకాశమే కథకు ప్రాణమైన రచనలున్నాయి. ఐజాక్ అసిమోవ్ 1941లో ప్రకటించిన ఒక కథలో ఆరుగురు సూర్యులున్న లోకం ఉంది. అక్కడ రాత్రి అనేది 2049 సంవత్సరాలకు ఒకసారి వస్తుంది. చీకటి ఎరుగని జనం ఆ ఒక్క రాత్రికి తాళలేక తమ నగరాలనే తగులబెట్టుకుంటారు. ఆ ఆరుగురు సూర్యులు అలంకారం కారు. ఆ జనుల భయం, మతం, శాస్త్రం, పతనం అన్నీ ఆ సూర్యుల నుండి పుట్టినవే. ఒక లోకపు ఆకాశం ఆ లోకపు శాసనం. కిందనున్న బ్రతుకంతా దానిని అనుసరించి నడుస్తుంది.

ఇంతవరకు ఒక పక్షంతో వాదించాను. రెండవ పక్షం కూడా ఉంది. వీరు మన పురాణాల ఆకాశాన్ని కల్పన అనడానికే ఒప్పుకోరు. విష్ణుపురాణం, భాగవతం చంద్రుని సూర్యునికి లక్ష యోజనాల పైన నిలిపాయి. అది అక్షరసత్యమని వీరు యోజనాలను మైళ్లలోకి మార్చి కష్టపడతారు. ఆ లెక్క కుదరదని చూసి పురాణాన్ని నవ్వేవారు మరికొందరు. ఇద్దరూ ఆ కవిని చదవలేదు. ఆ వరుస చూడండి. సూర్యుడు, అతనికి పైన చంద్రుడు, ఆ పైన నక్షత్రాలు, గ్రహాలు, ఆ పైన సప్తర్షులు, అందరికీ పైన ధ్రువుడు. ధ్రువుడెవరు? సవతి తల్లి మాటకు తండ్రి తొడ ఎక్కలేకపోయిన అయిదేళ్ల పిల్లవాడు. జ్యోతిశ్చక్రమంతా ఆ పిల్లవానిని ఆధారం చేసుకొని తిరుగుతుంది. ఇది దూరాల పట్టికగా తప్పు. గౌరవాల పట్టికగా గొప్పది. తిరస్కృతుడైన పసివానికి ఆకాశపు ఇరుసును అప్పగించిన కవిని కొలబద్దతో పొగడడమూ, కొలబద్దతో తిట్టడమూ రెండూ అన్యాయమే.

ఈ భేదాన్ని మన దేశం ఎరుగనిది కాదు. ఆర్యభటుడు 499లో గ్రహణాలకు కారణం ఛాయయేనని చెప్పాడు. లల్లుడు తన సిద్ధాంతగ్రంథంలో పౌరాణిక నమ్మకాలను ఖండించడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. అయినా రాహువు కథ చావలేదు. పైగా చంద్రుని దారి సూర్యుని దారిని దాటే బిందువుకు జ్యోతిష్కులు రాహువు పేరే పెట్టారు. అమావాస్యకో పూర్ణిమకో సూర్యచంద్రులు ఆ బిందువులకు దగ్గరగా వచ్చినప్పుడే గ్రహణం పడుతుంది. కథకుని రాక్షసుడు గణకుని లెక్కలో సరైన చోట కూర్చున్నాడు. కథను శాస్త్రమని పొరబడకుండా, శాస్త్రం పేరిట కథను చంపకుండా బ్రతికిన సంప్రదాయం మనది. దానిని నేడు రెండు పక్షాలవారూ రెండు చేతులా పాడుచేస్తున్నారు.

చివరగా అనువాదకుని కష్టం చెప్పాలి. భాషలన్నీ ఒకే ఆకాశం క్రింద పెరిగినవి. తెలుగులో నెల అంటే చంద్రుడు. నెల అంటే ముప్పది రోజులు కూడా. నెలవంక, వెన్నెల అన్న మాటలలో చంద్రుడు ఇంకా ఉన్నాడు. హిందీలో వాడుకలో ఉన్న మాహ్ అనే పారసీక పదానికీ ఈ రెండర్థాలూ ఉన్నాయి. పొద్దు అంటే సూర్యుడు. పొద్దుపోయిందంటే కాలం గడిచిందని. ఆదివారం మొదలు శనివారం వరకు ఏడు రోజులూ మన ఏడు గ్రహాల పేర్లే. అమావాస్య అంటే సూర్యచంద్రులు కలిసి నివసించే రోజు. మరి ఇద్దరు చంద్రులున్న లోకంలో "నెల తరువాత" అని ఎలా వ్రాయను? అది ఏ చంద్రుని నెల? శని లేని లోకానికి శనివారం ఎక్కడిది? పున్నమికి హోలీ, అమావాస్యకు దీపావళి, నెలవంకకు రంజాను, ప్రతి పున్నమికీ సింహళంలో పోయ పర్వం జరుపుకొనే ఈ ఉపఖండపు పాఠకునికి, చంద్రుని మార్చడమంటే పండుగలను, ఉపవాసాలను, సముద్రపు ఆటుపోట్లను మార్చడమని వేరుగా చెప్పాలా? ఒక్క చంద్రునితోనే మన పూర్వులకు ఎంత పని పడింది! పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సౌరవత్సరానికి 365 పైన. ఆ పదకొండు రోజుల తేడాను సర్దడానికి సుమారు 33 నెలలకు ఒక అధికమాసం కలుపుకున్నారు. రెండవ చంద్రుని తెచ్చేవాడు ఆ లెక్కను కూడా వెంట తెచ్చుకోవాలి. లేదా ఒక్కనితో తృప్తిపడాలి.

లెక్క పెడితే సౌందర్యం చస్తుందని ఇంకా అనేవారుంటే, మొదట చెప్పిన కథ దగ్గరకే వస్తాను. మూలాన్ని చాటుగా దిద్దే అధికారం అనువాదకునికి లేదు. అడిగే బాధ్యత ఉంది. అందుచేత ప్రచురణకర్త ద్వారా రచయితకు ఒక సూచన పంపాను. సూర్యుడు కుంగే వేళ పడమట నెలవంక దిగిపోతూ ఉంటుంది; సరిగా అప్పుడే తూర్పున నిండు చంద్రుడు లేస్తూ ఉంటాడు. మధ్యనున్న కొద్దిపాటి మసకలోనే నాయిక గోడ దాటాలి. ఆలస్యమైతే వెన్నెల ఆమెను కావలివారికి పట్టి ఇస్తుంది. ఇద్దరు చంద్రులూ ఉంటారు, అందమూ ఉంటుంది, పైగా ఆ పిల్ల తొందరపడడానికి ఒక కారణం దొరుకుతుంది. లెక్క తీసుకున్నది ఒక్క పొరపాటును. ఇచ్చినది ఒక ఘట్టాన్ని.

నాకు జవాబు రాలేదు. పుస్తకం అచ్చయింది. అందులో ఇద్దరు చంద్రులూ పక్కపక్కనే, ఒకడు నిండుగా, ఒకడు వంకగా ఉన్నారు. క్రింద అనువాదకుని పేరు నాది. ఆ పేజీ తెరిచి ఏ పిల్లవాడైనా ఇదెలా సాధ్యమని పెద్దలను అడిగితే, కథ కదా అని వానిని పంపివేయవద్దని కోరుతున్నాను. అడిగినవాడే ఆ లోకాన్ని మనకంటె ఎక్కువగా నమ్మినవాడు.