గడ్డకు గోషా లేదు

మా ఆడవాళ్లు ఆస్పత్రికి రారట. వచ్చినా బుర్ఖా తియ్యరట. అంతా అల్లా రాత అని కూచుంటారట. ఈ మాటలు విని విని విసిగిపోయాం.

మా ఖాలా సంగతి చెప్తాం. రొమ్ములో రేక్కాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బని ఎవరనుకుంటారు? ఏడాదికి నిమ్మకాయంత అయ్యాక పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. గదికి కర్టెన్ లేదు. మగ డాక్టరు, ఆయన వెనక అరడజను మంది కుర్ర డాక్టర్లు. ఖాలా బుర్ఖా బిగించుకుని బయటికొచ్చేసింది. చీటీ మీద 'పేషెంటు నిరాకరించింది' అని రాశారు. కర్టెన్ లేదని మాత్రం ఎవరూ రాయలేదు. మళ్లీ తీసుకెళ్లేసరికి చంకలోకి పాకింది. ఆ రంజానే ఆమెకు ఆఖరిది.

చదువుకున్నవాళ్లు అప్పుడూ ఇప్పుడూ అడిగేది ఒక్కటే. 'మీవాళ్లు ముందే ఎందుకు చూపించుకోరు?' సరే, లెక్క చూద్దాం. 30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్ర ప్రభుత్వమే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతా తొంభైతొమ్మిది మందీ బుర్ఖాలోనే ఉన్నారా?

ఖరీదైన మిషన్లు లేవనడం ఇంకో సాకు. 1998లో టాటా మెమోరియల్ డాక్టర్లు బొంబాయి మురికివాడల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 1,51,538 మంది. సగం వాడల్లో శిక్షణ ఇచ్చిన ఆడ కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే తడిమి పరీక్ష చేశారు. మిగతా సగం వాడలకి జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నారు. ఇరవై ఏళ్లు చూశారు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఫలితం వచ్చింది. చెయ్యి పడ్డ వాడల్లో గడ్డలు ముందు దశలోనే దొరికాయి. యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదీ దాచకూడదు. చెయ్యి జబ్బును రాకుండా ఆపదు. ఆలస్యం కాకుండా ఆపుతుంది. మా ఖాలాను చంపింది ఆలస్యమే.

అంటే తేల్చుకోవడానికి మురికివాడ ఆడవాళ్ల ఒళ్లు పనికొచ్చింది. తేలినదాన్ని మళ్లీ వాడలకి మోసుకొచ్చే వాళ్లే లేరు. పరిశోధకులు పేపరు రాసి ఆగుతారు. సర్కారు సర్క్యులర్ పంపి ఆగుతుంది. ఆ మధ్య దారి ఎవరు నడవాలి?

అమెరికాలో షికాగో ఉంది. డెవాన్ అవెన్యూలో మా హైదరాబాదువాళ్లు బిర్యానీ అమ్ముకునే ఊరు. అక్కడి యూనివర్సిటీలో ఆసిమ్ పడేలా అనే డాక్టరూ ఆయన బృందమూ ముస్లిం సంస్థల కౌన్సిల్‌తో కలిసి ముందు ఆడవాళ్ల మాట విన్నారు. అరబ్బులు, మన దక్షిణాసియావాళ్లు, నల్లజాతి ముస్లింలు. హయా అడ్డమొస్తుందన్నారు. ఆడమనిషే చూడాలన్నారు. జబ్బు అల్లా ఇచ్చిందన్నారు. ఒళ్లు అల్లా ఇచ్చిన అమానత్ అని కూడా వాళ్లే అన్నారు. మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యకుండా ఆ మాటల మీదే పాఠం కట్టారు. మసీదుల్లోనే, తమలోని ఆడవాళ్ల చేతే చెప్పించారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మామోగ్రామ్‌కి పరిగెత్తారని మేం అనం. కానీ మసీదు తలుపు తెరిచారు.

ఇక్కడ? మసీదు మైకులో తప్పిపోయిన పిల్లాడి కబురు చెప్తారు, జనాజా కబురు చెప్తారు. రొమ్ము అనే మాట పలకడానికి మాత్రం నోరు రాదు. చాలా కమిటీల్లో ఒక్క ఆడమనిషి ఉండదు, చాలా మసీదుల్లో ఆడవాళ్లు కూచోవడానికి చాప కూడా ఉండదు. అల్లా రాత అంటూ షుగరు మాత్ర మానేసిన ముతవల్లీ ఒక్కరినీ మేం చూడలేదు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికే రాత గుర్తొస్తుంది.

మేమూ తక్కువ తినలేదు. మేం పనిచేసిన పత్రికలో 'రొమ్ము' అని రాస్తే 'ఛాతీ' అని దిద్దారు. మేం నోరెత్తలేదు. ఆ ముక్క చదివించుకున్న ఆడవాళ్లు దగ్గొస్తేనే చూపించుకోవాలేమో అనుకున్నారు. ఇక ఉర్దూ కరపత్రాలా, దఖ్నీ మాట్లాడే మా అమ్మలకి అవి లక్నో నుంచి దిగొచ్చినట్టుంటాయి. కోస్తాలో మావాళ్లు చాలామందికి ఉర్దూ లిపే రాదు.

సెక్యులర్ మిత్రులతో ఒక మాట. తలాక్ మీద సభ పెట్టినప్పుడు మా గల్లీలు మీకు బాగానే దొరికాయి. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలున్నాయి. అక్కడ ఒక ఆడమనిషి, ఒక కర్టెన్, వారానికో పూట కావాలని మాతో కలిసి అడగండి. నిజామాబాదు బీడీ కార్ఖానాల ఆడవాళ్లు, ఆశా కార్యకర్తలు, దూదేకుల అక్కలు, చూపించుకుని బతికి బయటపడ్డవాళ్లు, మసీదు కమిటీలు ఒకే చాప మీద కూచోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ఆడవాళ్లే చెప్పాలి.

మొన్న ఖాలా కూతురికి ఇదంతా చెప్పాం. ఆమెకిప్పుడు యాభై దాటాయి. అంతా విని ఒక్కటే అడిగింది: "దేఖ్నేవాలీ ఔరత్ హై క్యా?" చూసేది ఆడమనిషేనా అని. కనుక్కుని చెప్తామన్నాం. రెండు దవాఖానాలు తిరిగాం. ఇంకా చెప్పలేదు.