రాయదుర్గం దాటాక ఎలా వెళ్లాలి?

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

ఈ కాలం పిల్లలకు బస్సెక్కడం నామోషీ అని చాలామంది అంటుంటారు. ఆ మాట నిజం కాదండి. అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లు, అమ్మాయిలు పొద్దున్నే కిక్కిరిసిన మెట్రోలో నిలబడే ఐటీ ఆఫీసులకు వెళ్తున్నారు. 2017లో మొదలైన మెట్రో అటువైపు రాయదుర్గంతో ఆగిపోతుంది. ఆఫీసులేమో నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పాకాయి. మిగిలిన ఆ కొద్ది కిలోమీటర్లే వాళ్ల చేత అప్పు చేయించి బైకు కొనిపిస్తున్నాయి.

నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, అది దాటితే అడ్డంగా పెట్టిన బండ్లు. రోడ్డు మీదికి దిగక తప్పదు. ఇక వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. సైకిలంటారా, 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. మంచి పనే. కానీ అది ఆదివారం వ్యాయామానికి పనికొస్తుంది తప్ప అమీర్‌పేట గది నుంచి ఆఫీసుకు చేర్చదు.

2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఎందరికో అది పెద్ద ఊరట. అయితే రాత్రి షిఫ్టు ముగించుకొచ్చిన అమ్మాయికి దీపం వెలిగే స్టాపు కావాలి, బస్సు ఎప్పుడొస్తుందో తెలియాలి.

ఇంకో ఫ్లైఓవర్ కన్నా ముందు రాయదుర్గం స్టేషన్ నుంచి పది నిమిషాలకో చిన్న బస్సు వేయించండి, అర్ధరాత్రి దాకా. స్టేషన్ల చుట్టూ కిలోమీటరు మేర ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు బైకు షోరూం మెట్లెక్కకముందే ఈ పని జరగాలి.

ఇట్లు,
హైదరాబాద్ ప్రయాణికురాలు