బ్యాటరీకి గీటురాయి వలదా?

బంగారమును గీటురాయిపై గీచి చూడక కొనిన మనిషి మన కోలారు గడ్డపై పుట్టలేదు. గనులు సాగిన కాలమున రాతిని సయితము పరీక్షాగారమునకు పంపి, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారము కలదో తేల్చిన పిమ్మటనే దానికి విలువ కట్టెడివారు. అట్టి ఊరివారమైన మనము నేడు వేలకు వేలు పోసి తెచ్చుకొను లిథియం బ్యాటరీని మాత్రము పైనంటించిన చీటీ చూచి కొనుచున్నాము. ఇంతకన్న వింత కలదా?

విద్యుత్తు మనకు కొత్త కాదు. 1902లోనే శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగపై కరెంటు మన గనులకు వచ్చినది. బెంగళూరు వీధిదీపములు వెలిగినది 1905లో. 2001లో గనులు మూతపడినవి. 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము ఆరంభమై, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సాయము లభించుటతో రాబర్ట్‌సన్‌పేట మొదలు ముళబాగిలు, శ్రీనివాసపురముల వరకు మనవారు మిద్దెలపై సౌరఫలకములు పెట్టించుకొనుచున్నారు. మంచిదే. వాని వెంట ఇంటికి వచ్చు బ్యాటరీల సంగతియే మా వాదము.

మా అనుభవమును దాచము. మేము కొన్న బ్యాటరీ చీటీపై 51.2 వోల్టులు, 100 ఆంపియర్-అవర్లు అని యున్నది, అనగా 5.12 యూనిట్లు. మా చిన్నాయన గని ధూళి వలన ఊపిరితిత్తులు చెడినవారు. కరెంటు పోయిన రాత్రి వారి ఆక్సిజన్ యంత్రము, ఒక ఫ్యాను, ఒక దీపము కలిసి 450 వాట్లు. లెక్క ప్రకారము పది గంటలు నడువవలెను. రాత్రి 8 గంటలకు కరెంటు పోయినది. 3 గంటలకే బ్యాటరీ చేతులెత్తినది. ఇంట నున్న సిలిండరు ఆదుకొన్నది కనుక సరిపోయినది. తెల్లవారిన పిమ్మట ఆయన అడిగినది ఒక్కటే: “ఏమప్పా, గనిలోకి దిగేటప్పుడు దీపం చూసుకొనే దిగుతాంటిమి. మీరు ఇంట్లో చూసుకోలేదా?” మా వద్ద జవాబు లేదు.

అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు. రెండు దినములు ఎండకు నిండుగ చార్జి చేసితిమి. ఇన్వర్టరు కొంత శక్తిని మిగుల్చుకొని ముందే ఆపివేయునట్టి అమరిక లేదని చూచుకొంటిమి. 1000 వాట్ల హీటరును పెరటిలో పెట్టి, మనిషిని కాపలా ఉంచి, గడియారము చూచితిమి. ఇన్వర్టరులో పదవవంతు పోయినను నాలుగున్నర గంటలు నిలువవలెను. 3 గంటల 10 నిమిషములకు ఆగినది. నష్టమును కలుపుకొన్నను మూడున్నర యూనిట్లే! నూటికి అరువదియెనిమిది. పైన పటారము, లోన లొటారము.

అమ్మినవారి సమాధానములు మూడు. మొదటిది, “తెరపై నూరు శాతము చూపుచున్నది కదా.” ఆ శాతము బ్యాటరీలోని యంత్రము తనలో నింపిన అంకెనుబట్టి వేయు అంచనా, అనగా తూకపురాళ్లు అమ్మువాడే తెచ్చినట్లు. రెండవది, “వోల్టులు సరిగానే ఉన్నవి.” ఈ జాతి బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు చాలవరకు ఖాళీ అగువరకు 3.2 వోల్టుల చుట్టునే యుండును. వోల్టుమీటరు నిజము చెప్పదు. పాత సీసపు బ్యాటరీలకు వాడిన హైడ్రోమీటరు ఇచ్చట పనికిరాదు. మూడవది, “పరీక్షించిన చెడిపోవును.” వేలకొలది మారులు పనిచేయునని చెప్పి అమ్మినది ఒక్కమారు ఖాళీచేసిన చెడునా? ఖాళీ అయిన వెంటనే తిరిగి నింపిన చాలును.

మేమును వర్తకులమే. కావున మన వర్తక సోదరులకే మొదట చెప్పుచున్నాము: శేరుకు ముప్పాతిక కొలిచిన దుకాణమును మన తాతలు గడప తొక్కలేదు. ఆంపియరులలో తరుగుపెట్టుట దానికన్న గౌరవప్రదము కాదు. మంచి సరకు అమ్మువానికి పరీక్ష శత్రువు కాదు. దొంగసరకు వచ్చి అతని బేరమును చెరుపకుండ కాచు మిత్రుడు.

కొనువారు చేయవలసినవి ఇవి. రసీదుపై యూనిట్లలో సామర్థ్యమును, ఎన్ని ఏండ్లకు ఎంత శాతము నిలుచునో ఆ హామీని వ్రాయించుకొనుడు. ఆంగ్లమున నున్న హామీపత్రము అర్థము కానిచో చదివించుకొనక సంతకము చేయకుడు. కొన్న మొదటి వారముననే పరీక్షింపుడు. పిమ్మట ఏటేట అదే బరువుతో పరీక్షించి, లెక్క వ్రాసి ఉంచుడు. తక్కువ తేలినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రెండేండ్లలోగా జిల్లా కమిషనునకు పోవచ్చును. వెల 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. పరీక్షింపక లోపము తేలదన్నచో సరకును ప్రయోగశాలకు పంపు అధికారము కమిషనునకు కలదు. అడుగనిదే అమ్మయినను పెట్టదు.

మన సంఘమునకు మా కోరిక ఒకటి. ఆంపియర్-అవర్లను నేరుగ లెక్కించు మీటరునొకదానిని కొని కార్యాలయమున ఉంచవలెను. సభ్యులు వంతులవారీగ తీసికొనిపోయి పరీక్షించుకొందురు. పెండ్లిపందిళ్లకు పాత్రలు ఇచ్చు సంఘము దీనిని ఇయ్యలేదా? వచ్చు సమావేశమున ఈ తీర్మానమును మేమే ప్రవేశపెట్టెదము. వ్యతిరేకింపదలచినవారు తమ ఇంటి బ్యాటరీని ముందుగ కొలిచి రావలెనని మనవి.