రంగుల గ్రాఫు కాదు, నిజం చెప్పే గ్రాఫు

పిల్లలూ! గ్రాఫు అంటే లెక్కల మాస్టారికి చూపించేది మాత్రమే అనుకుంటున్నారా? ప్రజల బతుకులను పరిశీలించే సామాజిక శాస్త్రవేత్తలకు కూడా అది ముఖ్యమైన పనిముట్టు. ఇప్పుడు గ్రాఫు గీసిపెట్టే కంప్యూటరు సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో మంచిది ఏది? ఎక్కువ రంగులు చూపేదా? కాదంటాను. మూడు పరీక్షలు పెట్టి చూడండి.

మొదటిది సున్నా పరీక్ష. జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 2001లో 60.47 శాతం, 2011లో 67.02 శాతం. వీటికి నిలువు పట్టీలు గీస్తూ అక్షాన్ని 60 దగ్గర మొదలుపెడితే, రెండో పట్టీ మొదటిదానికి సుమారు 15 రెట్లు కనిపిస్తుంది! సున్నా నుంచి గీస్తే, పెరిగింది పదో వంతుకన్నా కాస్త ఎక్కువేనని తెలుస్తుంది. అక్షాన్ని మన చేతికి ఇవ్వని సాఫ్ట్‌వేరు మనకొద్దు.

రెండోది ఖాళీ పరీక్ష. సిరిసిల్ల పక్కనున్న తంగళ్ళపల్లిలో మీరు మరమగ్గాల కార్మికుల వారం కూలీ అడిగారనుకోండి. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. నలుగురు 1000, 1100, 1200, 1300 రూపాయలని చెప్పారు. అయిదో ఆయన ఇంట్లో లేడు. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. నలుగురి సగటు 1150. ఖాళీని సున్నాగా లెక్కిస్తే 920కి పడిపోతుంది! జవాబు దొరకకపోవడం వేరు, కూలీ లేకపోవడం వేరు కదా? లిబ్రేఆఫీస్ కాల్క్ గ్రాఫులో ఖాళీని ఖాళీగానే వదలాలా, సున్నాగా చూపాలా అన్నది మనమే ఎంచుకోవచ్చు. 'ఆర్' అనే సాఫ్ట్‌వేరైతే, ఖాళీని ఏం చేయాలో మనం చెప్పేదాకా సగటే ఇవ్వదు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

మూడోది, మరొకరు తిరిగి చేయగలరా అన్న పరీక్ష. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ మొదలుపెట్టిన ఆర్‌లో ప్రతి మెట్టునూ ఆజ్ఞగా రాయాలి. అంకెలూ ఆ ఆజ్ఞలూ ఇస్తే ఇంకొకరు అదే గ్రాఫు గీసి తప్పులు పట్టుకోవచ్చు. నేర్చుకోవడం కాల్క్ కంటే కష్టమే. అయినా పరిశోధకులకు నేను ఆర్‌నే సూచిస్తాను. రెండూ ఉచితమే.

మీరు మాత్రం ముందు గ్రాఫు కాగితం మీద చేత్తో గీయండి. తర్వాత కాల్క్, ఆపైన ఆర్. గ్రాఫు చూసి కూలీ గురించి నిర్ణయాలు జరగవచ్చు. అందులో తప్పుంటే నష్టపోయేది గీసినవారు కాదు, సాంచాల దగ్గర నిలబడి పనిచేసేవారు. అందుకే అందమైన గ్రాఫు కనబడగానే అడగండి: సున్నా ఎక్కడుంది? ఖాళీలు ఏమయ్యాయి?