పెల్ పేరు, భాస్కరుని లెక్క

ఏ సంఖ్యను వర్గించి, 61 చేత గుణించి, ఒకటి కూడినచో మరల పూర్ణవర్గమగును? 60 విషయమున నిట్టి ప్రశ్నకు బాలురును బదులు చెప్పగలరు: 4 వర్గము 16; దానిని 60 చేత గుణించి ఒకటి కూడగా 961; అది 31 వర్గము. 62నకు 8 చాలును. నడుమనున్న 61 మాత్రము మొండికెత్తినది. సున్న నటుంచినచో, 22,61,53,980 వఱకు పోయినగాని దానికి జవాబు లేదు. అప్పుడు వచ్చు వర్గమూలము 176,63,19,049.

ఈ పది యంకెల సంఖ్య స్వభావమును పాఠకులు కాగితముమీద తామే పరీక్షింపవచ్చును. ఇందుండి ఒకటి తీసివేసినచో 29,718 వర్గమునకు సరిగా రెట్టింపు. ఒకటి కూడినచో 3,805 వర్గమునకు 122 రెట్లు. 122 అనగా 61కి రెట్టింపు. ఇరుగుపొరుగు సంఖ్యలు రెండును ఇంత కట్టుబాటుతో నుండుటచేతనే, వానిని గుణించినపుడు 61యును ఒక పూర్ణవర్గమును తప్ప మఱేమియు మిగులకున్నవి.

1657లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ 61నే యొక జాబులో నడిగెను. ఇంగ్లండున బ్రౌంకరు ప్రభువును వాలిసును ఇట్టి ప్రశ్నలకు మార్గము కనుగొనిరి. పిమ్మట ఆయిలరు పండితుడు పొరబాటున ఆ ఖ్యాతిని పెల్ అను వేఱొకనికి ముడిపెట్టెను. నేటికిని అది పెల్ సమీకరణమే! కాగా ఇదే 61ని 1150 నాటి బీజగణితమున భాస్కరాచార్యుడు చక్రవాళ విధిచే సాధించి యుంచెను. ఆయిలరు ఎఱుగడు గనుక క్షమింపవచ్చును. 1817లో కోల్‌బ్రూకు ఆ గ్రంథమును ఆంగ్లీకరించిన తరువాత నా సాకు చెల్లదు.

విధి యెట్టిది? 61కి 3 కలిపిన 64, అనగా 8 వర్గము, ఇది ఆరంభము. చక్రము నొక్కమాఱు త్రిప్పగా, 5 వర్గమును 61 చేత గుణించి 4 తీసివేసిన 1521, అనగా 39 వర్గము, వచ్చును. కలుపవలసిన 3 పోయి తీసివేయవలసిన 4 వచ్చినది. ఇచ్చట 628 నాటి బ్రహ్మగుప్తుని భావన యందుకొనును. ఇట్టి రెండు లెక్కలను కలిపి మూడవదానిని పుట్టించుటయే భావన. 5, 39లతో మఱికొన్ని భావనలు చేయగా మన పెద్దసంఖ్య చేతికి వచ్చును. కోట్లకొలది సంఖ్యలను వెదకిచూచు పని లేదు.

ఇది విని జబ్బలు చఱచుకొను వారు మనలో ననేకులు గలరు. వారిలో చక్రమును ఒక్కమాఱైన త్రిప్పి చూచినవా రెందఱని మా సందేహము. ఇట్టి ప్రశ్నకు ఎల్లప్పుడును జవాబు గలదని రుజువు చేసినవాడు పదునెనిమిదవ శతాబ్దపు లగ్రాంజి. ఆ గౌరవము నాతనికి ఈయకతప్పదు. చక్రవాళమున కట్టి రుజువును 1929 ప్రాంతమున కృష్ణస్వామి అయ్యంగారు సమకూర్చిరి.

కావున పేరు మార్చుడని మాత్రమే మేము కోరుట లేదు. పాఠ్యపుస్తకమున ఆచార్యుని పటము వేసి సరిపెట్టుట మాకు సమ్మతము కాదు. ఉన్నత పాఠశాలలో నల్లబల్లమీద తెలుగున ఈ లెక్కను చేయింపవలెను. వలసినది గుణకార భాగహారములు, కూడిక తీసివేతలే గదా! మహావీరుని గణితమును పావులూరి మల్లన పద్యములలోనే తెలిగించెను; మనకు వచనమున భాష చాలదనుట సోమరితనము. 61 ముగిసిన పిమ్మట ఉపాధ్యాయులు 109 ఇచ్చి చూతురుగాక. ఫెర్మా దానిని గూడ నడిగియుండెను. దాని మూలము పదునైదంకెల సంఖ్య.