క్షిపణీ కాదు, గోడా లేదు

ఈమధ్య మా మేనత్త ఫోను చేసి అడిగింది: "నాయనా, ఒంట్లో ఈదుకుంటూ పోయి, రోగమున్న కణం గోడను బద్దలుకొట్టే రోబోలు వచ్చేశాయటగా, మీ మామయ్యకు పనికొస్తాయా?" ఆవిడ చదివిన వార్తలో 'క్షిపణి' అన్న మాట కూడా ఉందట. ఆ రెండు మాటల మీదే నా అభ్యంతరం.

కణత్వచం గోడ వంటిది కాదు. సుమారు 5 నానోమీటర్ల మందంలో రెండు వరుసలుగా అమరిన కొవ్వు అణువుల ద్రవపొర అది. మెల్లగా నెడితే చిరగడానికి బదులు సన్నని గొట్టంలా పొడుచుకువస్తుంది.

ఇక క్షిపణి. ఒకవైపు ప్లాటినం పూసిన మైక్రోమీటరు గోళాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో వేస్తే తనంతట తానే ఈదుతుంది. కాని ఎడ్వర్డ్ పర్సెల్ 1977 నాటి వ్యాసంలో వివరించినట్లు, ఆ పరిమాణంలో జడత్వానికి విలువ లేదు. తోపు ఆగిన మరుక్షణమే కదలికా ఆగుతుంది. వేగం పుంజుకొని గుద్దడం అసాధ్యం, ఆనుకొని నెట్టవలసిందే. సెకనుకు 10 మైక్రోమీటర్లు ఈదే గోళం నెట్టగల బలం లెక్కగడితే సుమారు 0.1 పికోన్యూటను. జీవకణపు పొరనుంచి గొట్టం లాగడానికి సాధారణంగా పదుల పికోన్యూటన్లు కావాలి. పైగా ఆ పెరాక్సైడ్ ఇంధనం కణానికి విషం.

అలాగని ఈ శాస్త్రం నిష్ఫలమనను. 2020లో హనుమంతరావు వుటుకూరి, సహచరులు నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం చూడండి. కొవ్వుపొర బుడగల్లో బంధించిన ఇటువంటి రేణువులు పొరను లోపలినుంచి నెట్టి పొడవాటి గొట్టాలనూ, కొమ్మల వంటి రూపాలనూ పుట్టించాయి. పొర బిగువు సడలి ఉంటే అల్పబలమే చాలునన్నమాట. లిస్టీరియా బాక్టీరియా సైతం ఆక్టిన్ తోక ఊతంతో పొరను వేలిలా ముందుకు తోస్తుంది, పక్క కణం ఆ వేలిని మింగుతుంది. ముట్టడికన్నా ఈ మంతనమే నాకు అద్భుతంగా తోస్తుంది.

మన భాషలో మరో చిక్కుంది. పార్టికల్ కణమే, సెల్లూ కణమే! "కణం కణాన్ని నెట్టింది" అంటే ఎవరికేమి బోధపడుతుంది? మొదటిదానికి రేణువు, రెండవదానికి కణం, దాని పొరకు త్వచం అని స్థిరపరచుకుందామని మిత్రులకు నా మనవి. మాట తప్పితే ఊహ తప్పుతుంది. ఊహ తప్పితే రోగి ఇంట్లో లేనిపోని ఆశ పుడుతుంది.

అత్తయ్యకు మాత్రం ఒకటే చెప్పాను, డాక్టరుగారిచ్చిన మందు మానవద్దని.