పలకలకు లక్షలు, స్విచ్చి దగ్గర బేరమా?

మన ప్రాంతానికి వానదేవుడు పిసినారే అయినా సూర్యభగవానుడు మాత్రం ధారాళంగానే ఇస్తాడు. ఎన్‌.పి.కుంట వద్ద 2016లోనే ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్‌ కేంద్రాన్ని నడిపించింది. ఇప్పుడు సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లో మరమగ్గాల షెడ్లు, మిల్లులు, కల్యాణ మండపాల యజమానుల చూపు కూడా తమ కప్పుల మీదికి మళ్లుతున్నది. ఇది హర్షించదగిన విషయం. అయితే పలకల ధర అడిగినంత శ్రద్ధగా, గోడకు తగిలించే స్విచ్చిల పెట్టె సంగతి అడిగేవారు అరుదు కావడం విచారకరం.

2024లో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్‌ పథకం సబ్సిడీ ఇళ్లకే గాని వ్యాపారాలకు లేదు. ఖర్చంతా యజమానిదే. అందుచేత ఎక్కడో ఒకచోట మిగిల్చుకోవాలన్న ఆశ సహజమే. కాని ఆ మిగులు స్విచ్చిల దగ్గర చూసుకోవడం ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లుంటుంది.

పలకల నుంచి వచ్చేది డీసీ కరెంటు. మన ఇళ్లలోని ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నకు దిగుతుంది గనుక స్విచ్చి తెరిచినప్పుడు నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు. రవ్వ సాగి పెట్టెనే కాల్చగలదు. పైగా 18 పలకలు వరుసగా కలిపితే వోల్టేజీ 900 దాకా పోతుంది, చలికాలపు ఉదయాల్లో ఇంకా పెరుగుతుంది. అక్కడ ఇంటి ఎంసీబీ పెట్టడం ప్రమాదాన్ని పిలవడమే. ఆ వోల్టేజీకి తగిన డీసీ ఐసొలేటరే ఉండాలి.

ఇక సైజు లెక్క కష్టమైనదేమీ కాదు. 50 కిలోవాట్ల ఇన్వర్టరు త్రీఫేజులో సుమారు 70 ఆంపియర్లు పంపుతుంది. పొద్దంతా పారే కరెంటు గనుక దానిపై పావు వంతు కలపాలి. 87 వస్తుంది. కాబట్టి 100 ఆంపియర్ల బ్రేకరు, దానికి తగిన కేబులు కావాలి. 63 పెడితే మిట్టమధ్యాహ్నం మాటిమాటికీ పడిపోతుంది. విసిగి 200 పెడితే తీగ కాలినా బ్రేకరు పడదు. చిన్నదీ తప్పే, పెద్దదీ తప్పే. డీసీ వైపు ఫ్యూజు పలక వెనుక అచ్చువేసిన పరిమితిని దాటరాదు. ఎండలో వేడెక్కే రేకుపెట్టెలో బ్రేకరు తన మీద రాసినంత బరువు మోయలేదని కూడా గుర్తుంచుకోవాలి. పెట్టెను నీడలో పెట్టించడం ఉత్తమం.

ఈ ముప్పు ఊహ కాదు. అమెరికాలో వాల్‌మార్టు సంస్థ తన ఏడు దుకాణాల కప్పులపై సౌర పరికరాల వల్ల మంటలు లేచాయని ఆరోపిస్తూ 2019లో టెస్లా సంస్థపై దావా వేసింది. అదే ఏడాది రాజీ కుదిరింది. అంతటి సంస్థలకే ఇంత తలనొప్పి అయితే, పట్టుదారం, నూలు నిండిన షెడ్డు గతి ఏమిటి? మెయిన్‌ ఆపినా పగటిపూట పలకల్లో కరెంటు ఆగదు. మంట ఆర్పడానికి కప్పెక్కే మనిషి ప్రాణానికే ముప్పు. మగ్గం మీద కూర్చున్న కార్మికునికి పెట్టెలో ఏమున్నదో తెలియదు.

కనుక యజమానులు లైసెన్సున్న కాంట్రాక్టరుచేతనే పని చేయించాలి. ప్రతి స్విచ్చి వోల్టేజీ, ఆంపియర్లు, డీసీనా ఏసీనా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. ఎర్తింగు, పిడుగుల రక్షణ పరికరం ఉన్నాయో లేదో చూసుకోవాలి. వదులైన బోల్టు వేడెక్కుతుంది గనుక ఏటా బిగింపులు తనిఖీ చేయించాలి. విద్యుత్‌ శాఖ అధికారులు మండల కేంద్రాల్లో యజమానులకు, ఎలక్ట్రీషియన్లకు ఒక్కరోజు అవగాహన సమావేశం పెడితే ఎంతో మేలు. షెడ్డు కాలిన తర్వాత వేసే విచారణ కమిటీ కన్నా ముందుగా వేసే సరైన బ్రేకరు చాలా చవక.